రెఫరెండం గొడవలో ముందు చూడాల్సింది చట్టం

బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం మీద పెట్టిన రెఫరెండం (ప్రజలే నేరుగా ఓటేసి తేల్చే పద్ధతి) ఫలితం చెల్లాలా వద్దా అని వాదించేవాళ్లు 2015లో బ్రిటన్ పార్లమెంటు చేసిన రెఫరెండం చట్టం ఒకసారి తిరగేయాలి. కనీస పోలింగ్ షరతు లేదు, ఇంత మెజారిటీ రావాలని లేదు, ఫలితాన్ని అమలు చేసి తీరాలన్న సెక్షనూ లేదు. 2011లో ఓటింగ్ పద్ధతి మీద పెట్టిన రెఫరెండానికి అలాంటి సెక్షన్ ఉంది. అంటే ఎలా రాయాలో తెలియక కాదు, ఈసారి రాయలేదంతే.

2016 జూన్ 23న పోలింగ్ 72.2 శాతం. బయటికి రావాలన్నవాళ్లు 51.9, ఉండాలన్నవాళ్లు 48.1. అరవై శాతం మద్దతో, డెబ్బై అయిదు శాతం పోలింగో లేకపోతే మళ్లీ ఓటింగ్ పెట్టాలన్న పిటిషన్ ముందే మొదలైంది, కానీ సంతకాలు వెల్లువెత్తింది ఫలితం తెలిశాకే; 40 లక్షలు దాటాయి. లెక్కింపు అయ్యాక గీత జరపమనడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ముందే గీస్తే వేరు: 1979లో స్కాట్లాండ్‌కు సొంత అసెంబ్లీ కావాలా అంటే 51.6 శాతం అవునన్నారు, అయినా మొత్తం ఓటర్లలో 40 శాతం కావాలన్న షరతు దగ్గర 32.9తో ఆగిపోయింది.

తప్పుడు సమాచారం సంగతి వేరు. స్విట్జర్లాండ్‌లో పెళ్లయిన జంటలు పెళ్లి కాని జంటల కన్నా ఎక్కువ పన్ను కట్టాల్సిరావడాన్ని తీసేయాలన్న ప్రతిపాదనపై 2016 ఓటింగ్‌కు ముందు, ఆ అదనపు భారం పడేది ఇద్దరూ సంపాదించే 80,000 జంటల మీదేనని ప్రభుత్వం చెప్పింది. అసలు సంఖ్య 4,54,000. 50.8 శాతం వద్దనడంతో ప్రతిపాదన ఓడింది. 2019లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆ ఓటింగ్‌నే రద్దు చేసింది. తప్పు పెద్దది, తేడా చిన్నది. రెండూ కలిశాయి కాబట్టే కొట్టేసింది.