చిగుళ్లు చూసిన డాక్టరు

నాకు అడిసన్స్ వ్యాధి, అంటే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు పనిచేయకపోయే జబ్బు, ఉందని పట్టుకున్నది పొట్ట డాక్టరు కాదు, గుండె డాక్టరు కాదు, హార్మోన్ల స్పెషలిస్టు కూడా కాదు. ఒక జనరల్ ఫిజీషియన్. బోర్డు మీద ఆవిడ పేరు, పక్కన ఎం.బి.బి.ఎస్., ఎం.డి. జనరల్ మెడిసిన్, కింద రిజిస్ట్రేషన్ నంబరు, అంతే. ఇప్పుడు ఒంట్లో బాగుంది, కూర్చుని రాసే ఓపిక వచ్చింది, కాబట్టి ఇదంతా రాసేస్తున్నాను. కొందరికి చేతులెత్తి దండం పెట్టాలి, కొందరిని నాలుగు మాటలు అడగాలి.

మొదట్లో అలసట. పని చేస్తే వచ్చే అలసట అయితే పడుకుంటే పోతుంది, ఇది నిద్ర లేస్తూనే ఉండేది. తిండి సయించేది కాదు, పొద్దున్నే వికారం, అప్పుడప్పుడు కడుపునొప్పి, బట్టలు వదులైపోయేంతగా బరువు తగ్గిపోయాను. మంచం మీంచి లేస్తే కళ్లు బైర్లు కమ్మేవి. ఉప్పు మీద మాత్రం విపరీతమైన యావ, చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంటే ప్రాణం లేచొచ్చినట్టుండేది. మొహం, చేతులు నల్లబడ్డాయి. "ఎండలో తిరిగి ఎలా అయిపోయావో చూసుకో వదినా" అని మా ఆడపడుచు అంటే, మొహానికి ఏదైనా రాసుకోవచ్చు కదా అని ఇంకొకరు. ఎండలోకి వెళ్లే ఓపిక కూడా లేక ఇంట్లో పడి ఉన్న మనిషి ఎలా నల్లబడుతుందని ఒక్కరికీ తట్టలేదు.

డాక్టర్ల దగ్గరికి తిరగని రోజు లేదు అన్నట్టే గడిచింది. ఎండోస్కోపీ చేశారు, పొట్ట బాగుందన్నారు. థైరాయిడ్ చూశారు, స్కానింగ్ తీశారు, ఐరన్ మాత్రలు రాశారు, అవన్నీ ఎవరికైనా జరిగేవే కాబట్టి వివరాలు వదిలేస్తున్నాను. ఒక్క డాక్టరు గురించి మాత్రం చెప్పాలి. ఆయన బోర్డు మీద పేరు తర్వాత రెండు వరుసల అక్షరాలు ఉండేవి, ఫెలోషిప్పులు, సర్టిఫికెట్లు, విదేశీ సంస్థల పేర్లు. అవి చూసే మేం ఆయన దగ్గరికి వెళ్లాం. ఆయన నా మొహం చూడలేదు. ఫైలు తిరగేసి, "రిపోర్టులన్నీ నార్మల్. ఇంట్లో ఏమైనా టెన్షన్లా? ఈ వయసు ఆడవాళ్లలో ఇది మామూలే" అన్నారు. ఆ మాట కూడా నాతో కాదు, మా ఆయనతో. ఫైల్లో యాంగ్జైటీ అని రాసి, నిద్రమాత్రలు ఇచ్చి పంపేశారు.

అలా ఒక్కసారి రాసిన మాట రోగి వెంట ఎంత దూరం వస్తుందో రాసినవాళ్లకి తెలియదు. ఆ తర్వాత ఇంట్లో నేను పడుకుంటే "మళ్లీ మొదలైంది" అన్నట్టు చూసేవాళ్లు. ఎవరినీ తప్పు పట్టలేను, చదువుకున్న డాక్టరు చెప్పాక వాళ్లు మాత్రం ఏం చేస్తారు. కానీ ఆ చూపులు ఇప్పటికీ గుర్తొస్తే కోపం వస్తుంది.

ఫిజీషియన్ మేడమ్ దగ్గరికి ఒక సాయంత్రం వెళ్లాం. గదిలో నేను నడిచి వస్తుంటేనే ఆవిడ చూస్తోంది. "ఎప్పటి నుంచి రంగు మారింది?" అనేది మొదటి ప్రశ్న. ఎండ తగిలే చోట్లే నల్లబడ్డాయా, తగలని చోట్ల కూడానా అని రెండోది. అరచేతి గీతలు చూసింది, వేళ్ల కణుపులు చూసింది, పాత ఆపరేషన్ మచ్చ చూసింది, నోరు తెరవమని టార్చ్ వేసి చిగుళ్లు చూసింది. చిగుళ్ల మీద నల్లని మరకలు ఉన్నాయి, ముందు ఇలా లేవు కదా అని అడిగింది. పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి మళ్లీ చూసింది. లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై అంకె 20 పడిపోతేనే పట్టించుకోవాల్సిన విషయమట, నాకు అంతకంటే ఎక్కువే పడిపోయింది. అప్పుడు ఫైలు తీసింది. రిపోర్టులన్నీ నార్మల్ అన్న ఆ ఫైల్లోనే పాత కాగితం ఒకటి బయటకి లాగింది. సోడియం 129, పక్కన తక్కువ అని చుక్క గుర్తు. ఉండాల్సింది 135 నుంచి 145. ఆ చుక్క ల్యాబ్ వాళ్లు పెట్టారు, రోగికి ఇచ్చారు, డాక్టర్లు చూశారు, ఎవరూ చదవలేదు. చెప్పండి, కోపం రాదా?

మూత్రపిండాల పైన టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసోల్, ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్లు చేస్తాయని, అవి తగ్గిపోతే ఒంట్లో ఉప్పు నిలవదని, బీపీ నిలవదని ఆవిడ తేలిక మాటల్లో చెప్పింది. కార్టిసోల్ చాలట్లేదని మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి ఏ.సి.టి.హెచ్. అనే హార్మోన్ని అదే పనిగా పంపుతుందట, ఆ హార్మోన్ ఎక్కువైతే చర్మం రంగు కూడా ముదురుతుంది. నా నలుపుకీ, నా ఉప్పు యావకీ, నా కళ్లు తిరగడానికీ కారణం ఒకటే అన్నమాట. ముగ్గురు డాక్టర్లు మూడు ముక్కలుగా చూశారు, ఆవిడ మనిషిని మొత్తంగా చూసింది. ఇంటర్నల్ మెడిసిన్, మన దగ్గర జనరల్ మెడిసిన్, అంటే అదేనని నాకు ఆ గదిలోనే అర్థమైంది. 1855లో లండన్ గైస్ ఆసుపత్రి ఫిజీషియన్ థామస్ అడిసన్ ఈ జబ్బుని వివరంగా రాసినప్పుడు ఆయన దగ్గర హార్మోన్ పరీక్షలు ఏమీ లేవు, రోగుల్ని జాగ్రత్తగా చూడటమే ఉంది. ఆ తర్వాత ఇన్నేళ్లకి, ఇన్ని మెషీన్లు వచ్చాక, నన్ను చూసే తీరిక లేకపోయింది.

ఆవిడ అక్కడే రక్తం తీయించి, ఈ రాత్రికే పెద్దాసుపత్రిలో చేరండి, నా దగ్గర బెడ్లు లేవు అంది. ఒక చీటీ మీద తన చేత్తో రాసింది: అడ్రినల్ గ్రంథులు పనిచేయట్లేదని అనుమానం, కార్టిసోల్‌కి రక్తం తీశాం, ఫలితం కోసం ఆగవద్దు, వాంతులైనా బీపీ పడిపోయినా వెంటనే హైడ్రోకార్టిసోన్ (కార్టిసోల్ లోటు తీర్చే స్టెరాయిడ్) 100 మిల్లీగ్రాములు నరంలోకి, సెలైన్ వేగంగా. కింద సంతకం, డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు, ఫోన్ నంబరు.

దారిలోనే వాంతులు మొదలయ్యాయి. ఎమర్జెన్సీ వార్డుకి చేరేసరికి నేను నిలబడే స్థితిలో లేను. మాటలు వినిపిస్తున్నాయి, జవాబు చెప్పడానికి నోరు తిరగట్లేదు, చేతులు మంచుగడ్డలు. "బీపీ అందట్లేదు సర్" అని నర్సు అనడం విన్నాను. డ్యూటీ డాక్టరు కుర్రాడు, ఫైలు తెరిచాడు, పైనే ఉంది ఆ మాట. "యాంగ్జైటీ పేషెంటా? ఇలాంటివి రోజూ వస్తాయి, వాంతులకి ఇంజెక్షన్ ఇచ్చి చూద్దాం" అన్నాడు. ఆ క్షణంలో నాకు కలిగిన భయం చావు భయం కూడా కాదు. నేను ఇక్కడ ఉన్నాను, ప్రాణం పోతోంది, వీళ్లు నన్ను కాకుండా ఆ కాగితాన్ని చూస్తున్నారు, చెప్పడానికి నాకు నోరు లేదు. కళ్లు మూసుకుని వెంకటేశ్వరస్వామిని తలుచుకున్నాను, పిల్లల పేర్లు తలుచుకున్నాను, ఏది ముందో గుర్తు లేదు.

మా ఆయన ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ రాత్రి చీటీ డాక్టరు కళ్ల ముందు పెట్టి, "ఇది చదవండి సార్, చదివి మాట్లాడండి" అని అరిచాడు. పరీక్ష ఫలితం లేకుండా స్టెరాయిడ్ ఎలా ఇస్తామని ఆ డాక్టరు సందేహించాడు. చీటీ కింద ఎం.డి. చూశాడు, నంబరు చూశాడు, ఫోన్ చేశాడు. అర్ధరాత్రి దాటినా మేడమ్ వెంటనే ఎత్తింది. ఏం మాట్లాడుకున్నారో తెలియదు, రెండు నిమిషాల్లో ఇంజెక్షన్ పడింది. గంట తిరిగేసరికి బీపీ పైకి రావడం మొదలైంది, తెల్లారేసరికి నేను మంచినీళ్లు అడిగాను. ఆ కుర్ర డాక్టరు మీద నాకిప్పుడు కోపం లేదు. వినే గుణం ఉంది, సందేహం వస్తే పెద్దవాళ్లని అడిగాడు. ఉదయం వచ్చి, "సారీ అమ్మా, ఫైలు చూసి మోసపోయాను" అన్నాడు కూడా. నిద్రమాత్రలు రాసినాయన మాత్రం ఇప్పటివరకు ఒక్క మాట అనలేదు, రిపోర్టుల కాపీలు పంపినా.

రక్తపరీక్షలో సోడియం 121, కార్టిసోల్ దాదాపు లేనట్టే. బాగా కోలుకున్నాక ఏ.సి.టి.హెచ్. లాంటి మందు 250 మైక్రోగ్రాములు ఇచ్చి కార్టిసోల్ పెరుగుతుందేమో మళ్లీ చూశారు, పెరగలేదు. క్షయ వల్ల కూడా ఈ గ్రంథులు పాడవుతాయి కాబట్టి అదీ వెతికారు, నాకు లేదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థే గ్రంథుల మీద దాడి చేసిందని తేల్చారు.

డిగ్రీల గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే మేం మొదట అక్షరాల పొడవు చూసి వెళ్లాం. ఎం.డి. అంటే అన్ని దేశాల్లో ఒకటి కాదు. అమెరికాలో అది డాక్టరు మొదటి డిగ్రీ, ఆ తర్వాత మూడేళ్లు ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ, చేసి, 1936లో ఏర్పడిన అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ పరీక్ష పాసైతే బోర్డ్ సర్టిఫైడ్ అంటారు. బ్రిటన్ వైపు ఫిజీషియన్ల పరీక్ష పాసైనవాళ్ల పేరు పక్కన ఎం.ఆర్.సి.పి. అని కనిపిస్తుంది. భారతదేశంలో నాలుగున్నరేళ్ల ఎం.బి.బి.ఎస్., ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక మూడేళ్ల ఎం.డి. జనరల్ మెడిసిన్, లేదా దానికి సమానమైన డి.ఎన్.బి. చేసినవాళ్లంటే పెద్దవాళ్ల ఒంట్లో ఏ భాగానికి ఏమొచ్చినా మొదట ఆలోచించడానికి శిక్షణ పొందినవాళ్లు. మిగతా అక్షరాల్లో కొన్ని నిజంగా గొప్పవి, కొన్ని నాలుగు రోజుల కోర్సులకి ఇచ్చే సర్టిఫికెట్లు, రెండూ బోర్డు మీద ఒకే సైజులో ఉంటాయి. కాబట్టి అసలు డిగ్రీ ఏది, ఏ సబ్జెక్టులో అని అడగండి, అడిగితే తప్పేం కాదు. రిజిస్ట్రేషన్ నంబరుతో వైద్య మండలి జాబితాలో పేరుందో లేదో చాలా చోట్ల ఎవరైనా చూసుకోవచ్చు.

కాగితం సరిగ్గా ఉందంటే చదువు ఉందని మాత్రమే. నిద్రమాత్రలు రాసినాయనకి కూడా రిజిస్ట్రేషన్ ఉంది. ఒంటి మీద చెయ్యి వేసి చూశారా, పాత రిపోర్టులు చదివారా, మీ మాట మధ్యలో ఆపారా, తెలియకపోతే తెలియదని ఇంకొకరి దగ్గరికి పంపారా, ఇవి రోగే కూర్చుని గమనించుకోవాలి. మేడమ్ నన్ను కోలుకున్నాక హార్మోన్ల స్పెషలిస్టు దగ్గరికి తానే పంపింది, రెండు పేజీల ఉత్తరం రాసి మరీ. దేవుడే ఆవిడ చేత ఆ చీటీ రాయించాడని మా అత్తగారు అంటారు. నేనూ నమ్ముతాను, రోజూ దీపం పెట్టి ఆవిడ పేరు తలుచుకుంటాను.

ఇప్పుడు రోజూ హైడ్రోకార్టిసోన్, పొద్దున లేవగానే ఎక్కువ మోతాదు, తర్వాత తక్కువ, ఆల్డోస్టెరాన్ బదులు ఫ్లూడ్రోకార్టిసోన్ ఒకటి. జీవితాంతం వేసుకోవాలి. కార్టిసోల్‌కి దగ్గరి హార్మోన్ కార్టిసోన్ మీద పనిచేసిన కెండల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకి 1950లో నోబెల్ ఇచ్చారు, ఆ మందులు లేని రోజుల్లో ఈ జబ్బు వచ్చినవాళ్లకి బతుకు మీద ఆశ ఉండేది కాదు. అయినా మా చుట్టాల్లో ఒకాయన ఈ మధ్యే, "స్టెరాయిడ్లు ఒంటికి మంచివి కావమ్మా, మెల్లగా మానెయ్" అని సలహా ఇచ్చాడు. ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నా ఒంట్లో తయారుకానిదాన్ని మాత్రగా వేసుకుంటున్నాను, మానేస్తే మళ్లీ ఆ ఎమర్జెన్సీ వార్డే, ఈసారి వెనక్కి వస్తానన్న హామీ లేదు.

ఇలాంటి మందు వేసుకునేవాళ్లు ఎవరైనా చదువుతుంటే దయచేసి సొంతంగా ఆపకండి, జ్వరం వస్తే మోతాదు ఎంత పెంచాలో మీ డాక్టరు చేత ముందే రాయించుకోండి, వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఇంజెక్షన్ కావాలి, ఇంట్లో కనీసం ఇద్దరికి అది తెలిసి ఉండాలి. జబ్బు పేరు, ఇంజెక్షన్ పేరు ఉన్న కార్డు పర్సులో పెట్టుకోండి. ఇక అలసట, బరువు తగ్గడం, ఉప్పు యావ, ఎండ తగలని చోట్ల కూడా నల్లబడటం కలిసి ఉండి అంతా మీ మనసులోనే ఉందని ఎవరైనా అంటుంటే, సోడియం, పొటాషియం, ఉదయం ఎనిమిది తొమ్మిది మధ్య తీసే కార్టిసోల్ పరీక్ష గురించి ఫిజీషియన్‌ని అడగండి. వద్దంటే ఎందుకు వద్దో చెప్పమనండి, అదీ చెప్పకపోతే ఇంకో ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి.