మైలుతుత్తం మరక

సబ్బుతో ఎంత రుద్దినా వేళ్లకు మైలుతుత్తం నీలం పోలేదు. అత్తయ్య చూసి, "మళ్లీ మొదలైందా నీ కుండల గోల" అంది. మొదలైంది.

చెరువు కట్టలోంచి నీళ్లు ఎక్కడ ఊరుతున్నాయో వెతకాలి. బేస్ కుండను ఒక గుంటలో కదలకుండా ఉంచి, కట్ట దిగువన అయిదు మీటర్లకొక చోట గుంట తీసి, రెండో కుండ పెట్టి, రెంటి మధ్య వోల్టేజీ చూసుకుంటూ పోయాం. ఇనుప మేకు గుచ్చితే అదే ఒక బ్యాటరీలా తయారవుతుంది, అందుకే ఈ మైలుతుత్తం నింపిన మట్టికుండలు. అంతటా రెండు మూడు మిల్లీవోల్టులే. తూము దాటగానే 19! మట్టిలోంచి ఊరే నీళ్లు ధనావేశాన్ని వెంట లాక్కొస్తాయి, అవి పైకి తేలే చోట రీడింగ్ పెరుగుతుంది. ఊట దొరికిందనుకున్నా.

పది నిమిషాలకే పక్క పొలంలో మోటారు వేశారు. మీటరులో అంకెలు గంతులు.

"అన్నా, ఒక్క గంట బంద్ చెయ్యవా?"

"వరి ఎండితే మీ పెట్టె పోస్తదా మేడమ్ నీళ్లు?"

నేనూ ఒక మాట అనేశా. అంతలో ఆఫీసు నుంచి ఫోన్: కట్టకు బుంగ ఎక్కడ పడిందో ఒక్క ముక్కలో చెప్పాలట, సాయంత్రంలోగా. ఒక్క ముక్కలో! ఇంకో పద్ధతిలో, మట్టిలోకి కరెంటు పంపి చూస్తే తడి మట్టిలో సులువుగా పోతుంది, నిజమే. బంకమట్టిలోనూ అంతే సులువుగా పోతుంది. కట్ట నడుమ ఉన్నదే బంకమట్టి. ఎవరికి చెప్పను?

మా ఊరి చెరువుకు బుంగ పడ్డప్పుడు నాకు ఎనిమిదేళ్లు. రాత్రంతా గడ్డిమోపులు, కంప, ఇసుక బస్తాలు. నీరటి తాత ఆ నీళ్లు దోసిట పట్టి, లైటు కింద చూసి, "తేటగనే ఉంది" అన్నాడు. మట్టికట్ట అన్నాక కొంత ఊరుతుంది. నీళ్లతో మట్టి వస్తేనే భయం. 1976 జూన్ 5న అమెరికాలో టీటన్ డ్యామ్ దగ్గర పొద్దున బురదనీళ్లు కనబడ్డాయి, మధ్యాహ్నానికి కట్ట లేదు. మా చెరువులో తెల్లారేసరికి ఎర్రనీళ్లు. తూము ఎత్తేసి సగం చెరువు వదిలేశారు. ఆ యాసంగి మాకు పంట లేదు. నాన్న కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచేవాడు.

ఆ రైతును తిట్టుకోవడానికే ఇది రాయడం మొదలుపెట్టా. ఇందాక నోట్‌బుక్ తిరగేస్తే, మోటారు వేయకముందే తేడా ఉంది. రెండు కుండలూ పక్కపక్కన పెడితే పొద్దున సున్నా, పదిన్నరకి 6. ఎండకు బేస్ కుండ గుంట ఆరిపోయింది. తడపాల్సింది నేనే. ఇక ఆ 19లో ఊట ఎంత, నా మతిమరుపు ఎంత?

రేపు ఆరింటికల్లా, మోటారు వేయకముందే వెళ్లాలి. బేస్ కుండను చింతచెట్టు నీడకు మార్చాలి. ఆ అన్న ఎదురుపడితే ఏమనాలో మాత్రం తోచడం లేదు.

చిన్నోడు లేచాడు.