పాత సీపీయూకి కొత్త కార్డు: స్టిక్కర్ మీద చిన్న అక్షరాలు

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మా మిక్సింగ్ సిస్టమ్ 2014లో అసెంబుల్ చేయించింది. ఐ5 4590 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, తర్వాత్తర్వాత 16 జీబీకి పెంచిన ర్యామ్. గుంటూరు చుట్టుపక్కల ఎన్ని పెళ్లిళ్లు దీని మీద కట్ చేశానో లెక్కలేదు. విడిగా గ్రాఫిక్స్ కార్డంటూ లేదు, ప్రాసెసర్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్‌తోనే లాక్కొచ్చాను. మామూలు హెచ్‌డీ ఫుటేజ్ వచ్చినన్నాళ్లూ అది నన్ను ఇబ్బంది పెట్టలేదు.

మొన్న పెళ్లిళ్ల సీజన్లో చిక్కొచ్చింది. నాకు పని ఇచ్చే కెమెరామన్ కొత్త కెమెరా కొన్నాడు. ఫైళ్లన్నీ హెచ్.265, 10 బిట్, అంటే వీడియోని బాగా కుదించి, రంగుల్ని ఎక్కువ వివరంగా దాచే రకం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌లైన్ మీద వేస్తే తలంబ్రాలు గాల్లోనే ఆగిపోతున్నాయి, రెండు సెకన్లకి పెళ్లికూతురు భుజం మీద తేలుతున్నాయి. జీలకర్రబెల్లం పెట్టే క్షణం సరిగ్గా ఏ ఫ్రేమో పట్టుకోలేకపోయాను. ఆ ఇంటివాళ్లు మళ్లీ మళ్లీ వేసుకుని చూసేది ఆ క్షణాన్నే. ఈ తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌కి 10 బిట్ హెచ్.265ని విప్పే హార్డ్‌వేర్ లేదు. బరువంతా ప్రాసెసర్‌లోని నాలుగు కోర్ల మీద పడుతోంది.

సిస్టమే మార్చెయ్యమన్నారు అందరూ. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మొత్తం మార్చాలంటే పాప కాలేజీ ఫీజు కట్టిన నెలలో నావల్ల కాదు. కార్డు ఒక్కటే వేద్దామనుకున్నాను.

విజయవాడలో ఇంజినీరింగ్ చదివే మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మావయ్యా, సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 580 తీసుకో. 8 జీబీ మెమరీ. ఏడు వేలల్లో అయిపోద్ది" అన్నాడు. వాడు చెప్పింది గేములకైతే సబబే. కానీ ఆ కార్డు 185 వాట్లు లాగుతుంది, విడిగా పవర్ కేబుల్ కావాలి. ముందు నా డబ్బాలో ఏముందో చూద్దామని పక్క రేకు ఊడదీశాను.

మా ఇల్లు మిర్చి యార్డు వైపు. సీజన్లో కిటికీ తెరిస్తే చాలు, ఘాటు లోపలికొస్తుంది. ప్రాసెసర్ ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము మెత్తటి పొరలా పేరుకుంది. బ్రష్‌తో కదిపానో లేదో ఏడెనిమిది తుమ్ములు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని బ్లోయర్ కొట్టాక ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్ మొత్తానికి కరెంటు ఇచ్చే పెట్టె) మీద స్టిక్కర్ కనబడింది. పెద్ద అక్షరాల్లో 450 వాట్లు. దాని కింద చిన్న గడుల్లో, 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు. గుణిస్తే 192 వాట్లు! ప్రాసెసర్, కార్డు ప్రధానంగా తాగేది ఆ 12 వోల్టుల లైను నుంచే. ప్రాసెసర్ రేటింగే 84 వాట్లు. దాని పక్కన 185 వాట్ల కార్డు పెడితే సరిపోనే సరిపోదు. కన్వర్టర్ వైరు వేసుకుంటే ఎక్కుతుందని ఎవరన్నా చెబితే దయచేసి వినకండి. వైరు మారితే ఎస్‌ఎంపీఎస్ బలం పెరగదు.

మదర్‌బోర్డు మీది స్లాట్ ఒక్కటే కార్డుకి 75 వాట్ల దాకా ఇస్తుంది. ఆ లోపల నడిచే కార్డుల్లోనే వెతకాలని అక్కడే తేల్చుకున్నాను.

జీటీఎక్స్ 1050 టీఐ చాలామంది చెప్పే పేరు. అది 2016 నాటిది, ఆ తరానికి ఎన్విడియా 2025లో మామూలు డ్రైవర్లు ఆపేసింది. పైగా ఆ పేరుతో నాకో చేదు అనుభవం ఉంది. మూడేళ్ల కిందట ఆన్‌లైన్లో ఒక అమ్మకందారు దగ్గర చవగ్గా వస్తోందని తెప్పించాను. వెనక వీజీఏ పోర్టు చూసి, నా మానిటర్‌కి నేరుగా తగులుతుందని సంతోషించాను కూడా. కార్డు అసలు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పేరు ముందు ఫేక్ అని వచ్చింది. ఏదో పాత చిప్‌కి పేరు మార్చి అమ్మారు. 1050 టీఐ చిప్‌లో వీజీఏకి కావాల్సిన అనలాగ్ అవుట్‌పుట్టే ఉండదని తర్వాత తెలిసింది. ఎవరైనా వీజీఏ పోర్టున్న 1050 టీఐ చూపిస్తే డబ్బులు తీయకండి.

ఆర్‌ఎక్స్ 6400 మొదట నన్ను బాగా లాగింది. 53 వాట్లే. కానీ దానికి వీడియో ఎన్‌కోడర్, అంటే కట్ చేసిన వీడియోని కుదించి ఫైలుగా మార్చే హార్డ్‌వేర్, లేదు. రాత్రంతా ఎక్స్‌పోర్ట్ పెట్టుకునే నాలాంటి వాడికి కావాల్సింది అదే. ఇంకొకటి, అది నాలుగు లేన్ల కార్డు, అంటే బోర్డుతో డేటా రాకపోకలకి దానికి నాలుగు దారులే. హెచ్81 బోర్డులో గ్రాఫిక్స్ స్లాట్ పాత తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 మాత్రమే, అంటే నాలుగు లేన్లకి సెకనుకి 2 జీబీ. కొత్త బోర్డులో బాగా నడిచే కార్డు నా దాంట్లో ఇరుకు సందులో పడ్డట్టుంటుంది.

చివరికి ఆర్టీఎక్స్ 3050 దగ్గర ఆగాను. ఇక్కడ జాగ్రత్త: ఇదే పేరుతో రెండున్నాయి. 2022లో వచ్చిన 8 జీబీది 130 వాట్లు, పవర్ కేబుల్ కావాలి. 2024లో వచ్చిన 6 జీబీది 70 వాట్లే. ఎనిమిది లేన్లు, మంచి ఎన్‌కోడర్, 10 బిట్ హెచ్.265ని విప్పే డీకోడర్. మీ కెమెరా 4:2:2లో (4:2:0 కన్నా రంగుల వివరం ఎక్కువ దాచే పద్ధతిలో) తీస్తే మాత్రం ఈ కార్డు దాన్ని విప్పదు. మా కెమెరామన్‌ది 4:2:0 అని అడిగి ఖాయం చేసుకున్నాకే బయల్దేరాను.

సీపీయూని దుప్పట్లో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని విజయవాడ తీసుకెళ్లాను. గవర్నర్‌పేటలో షాపాయన "ఇంత పాత బోర్డుకి ఈ కార్డేంటండీ" అన్నాడు. "ఒకసారి పెట్టి చూపించండి, డిస్‌ప్లే వస్తే డబ్బులిస్తా" అన్నాను. ఓపిగ్గా పెట్టాడు. వచ్చింది. పదిహేడు వేలు దాటింది. పదేళ్లు మన ఎండల్ని మోసిన ఎస్‌ఎంపీఎస్‌ని కూడా నమ్మకంగా ఉండే 450 వాట్ల దానితో మార్పించాను. మానిటర్ వీజీఏ కాబట్టి హెచ్‌డీఎంఐ కన్వర్టర్ ఒకటి.

ఒక్క సంగతి షాపులో తట్టలేదు. కార్డు రెండు స్లాట్ల మందం. దాని కిందే నా ఫైర్‌వైర్ కార్డు ఉండేది, పాత కెమెరాల మినీ డీవీ క్యాసెట్లు సిస్టమ్‌లోకి ఎక్కించడానికి. అదృష్టం కొద్దీ అడుగున ఇంకో చిన్న స్లాట్ ఖాళీగా ఉంది, దాన్ని అక్కడికి దింపాను.

మూడు గంటల పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్‌కి ఏడు గంటలు పట్టేది, ఇప్పుడు రెండు గంటల్లోపే దిగుతోంది. టైమ్‌లైన్ మీద తలంబ్రాలు తలంబ్రాల్లాగే రాలుతున్నాయి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగింది, 11 ఈ ప్రాసెసర్‌ని అధికారికంగా ఒప్పుకోదు. అందుకని దీనికి నెట్ కనెక్షన్ తీసేశాను, ఫైళ్లన్నీ హార్డ్ డిస్క్‌లోనే వస్తాయి, పోతాయి.

ఇది ఫోన్లో టైప్ చేస్తున్నాను. సిస్టమ్ ఖాళీ లేదు. తెనాలి నుంచి ఒకావిడ వాళ్ల నాన్నగారు కనబడే 2007 నాటి క్యాసెట్ తెచ్చిచ్చారు. ఎక్కుతోంది, ఇంకా ఇరవై నిమిషాలుంది.