సభ ముగిశాక ఊళ్లో ఉండేదెవరు?

మంగళవారం, కడప

మైదుకూరు వైపు పల్లెలో సువార్త సభలు. పొద్దున్నుంచీ వాక్యం కంటే కాగితాల పనే ఎక్కువైంది.

ధైర్యమంటే మైకులో గొంతు పెంచడమే అనుకునే ప్రసంగీకులను చూస్తే విసుగొస్తుంది. వాళ్లు మూడో రాత్రికి కారెక్కి పోతారు. అక్కడి విశ్వాసులు మాత్రం తెల్లారితే అదే కొళాయి దగ్గర బిందె పెట్టాల.

మైకుకు రాతపూర్వక అనుమతి తప్పదు. అర్జీలో స్థలం, తేదీలు, వేళలు, స్థలం యజమాని ఒప్పుకోలు ఉండాలి. రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోవాలి. ‘చేసుకోపోండి’ అన్న నోటిమాటను నమ్ముకుంటే, ఎవరైనా వచ్చి ఆపమన్న రాత్రి చూపడానికేమీ ఉండదు. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు కుదరదు. కాబట్టి ఆశీర్వాద ప్రార్థన 9.30కే అయిపోవాల. ప్రసంగీకుడికి ముందే గట్టిగా చెప్పకపోతే పదిన్నరైనా దిగడు.

చాలా గొడవలకు మూలం వేపచెట్టుకు కట్టిన మైకు హారన్లే. రెండు బాక్సులు మనిషెత్తులో, జనం వైపు తిప్పి పెడితే చాలు. వెనకింటి పిల్లోడు పరీక్షలకు చదువుకుంటాడు.

సభల రోజుల్లో బియ్యం, చీరల పంపకం వద్దే వద్దు. మతప్రచారం హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలో ఉంది. ఇంకొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లోనే తేల్చింది. బియ్యం మూట పక్కన బాప్తిస్మం మాటెత్తితే మన క్రైస్తవ సాక్ష్యం చెడుతుంది.

గుంపు అడ్డుకోవడానికొస్తే ఒక్కరే మాట్లాడాలి. ఆ ఒక్కరు ఊళ్లోవాళ్లకు తెలిసిన సంఘపెద్దయితే మేలు. కుర్రోళ్లను గేటు దగ్గర నిలబెట్టకూడదు. వీడియో తీసినా వాట్సాప్‌లో వదలకూడదు, పోలీసులకే ఇవ్వాల. చట్టప్రకారం జరిగే ఆరాధనను కావాలని చెడగొడితే భారతీయ న్యాయ సంహిత 300వ సెక్షన్ కింద నేరం.

ఫిర్యాదు చేస్తే విశ్వాసం తక్కువని కొందరు గొణుగుతారు. బైబిల్లో చూస్తే, ఫిలిప్పీ పట్టణంలో అపొస్తలుడు పౌలు బెత్తాల దెబ్బలు తిని చెరసాలలో పాటలు పాడాడు. తెల్లారాక మాత్రం ‘రోమా పౌరులం, విచారణ లేకుండా కొట్టించారు, అధికారులే వచ్చి బయటికి తీసుకుపోవాలి’ అని పట్టుబట్టాడు. వాళ్లొచ్చి బతిమాలుకున్నారు. ఆయన ఎటూ ఊరు విడిచి పోయేవాడే. ఉండిపోయేది అక్కడ కొత్తగా నమ్మిన లూదియ, చెరసాల నాయకుడి ఇంటివాళ్లు. ఆ పట్టుదల వాళ్ల కోసమేనని నాకనిపిస్తుంది.

సభల మర్నాడు గుంజల గుంతలు పూడ్చాల, ప్లాస్టిక్ గ్లాసులు ఏరాల. పాస్టరు గారు మొదట పోవాల్సింది వెనకింటికే.