పసుపు ఎర్రబడిన రాత్రి

కోనసీమ కొబ్బరితోటల్లో తిరిగేవాళ్లకు కాలికి ముల్లు దిగడం వింతేం కాదు. నాకు పిక్కలో దిగింది. నాలుగోనాటికి గడ్డ లేచింది. ఊళ్లో ఆర్‌ఎంపీ నొక్కి చూసి "షుగర్ లేదు కదండీ, రెండు సూదులకే ఎండిపోద్ది" అన్నాడు. చీము పరీక్షకు పంపుదామన్న మాటే ఎత్తలేదు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇంటికొచ్చాక మా అమ్మ "పసుపూ సున్నం పెట్టరా, తెల్లారేసరికి లాగేస్తుంది" అని పట్టు వేసింది. పసుపులో సున్నం పడగానే పారాణిలా ఎర్రబడుతుంది కదా. సున్నంలోని క్షారం తగిలి, పసుపుకు రంగిచ్చే కుర్కుమిన్ రంగు మారడమే అది. అలా కరిగిన కుర్కుమిన్ నిమిషాల్లోనే విరిగిపోతుంది. మిగిలిన పొడి నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి చర్మం దాటి చీము లోపలికి పోదు. వీటన్నిటికన్నా చేటు ఏమిటంటే, ఆ ఎర్రటి పట్టు కింద నా చర్మం ఎర్రబడి పాకుతున్న సంగతి ఎవరికీ కనబడలేదు.

రాత్రి రెండింటికి చలిజ్వరం పట్టింది. మంచం కోళ్లు కదిలేంత వణుకు. పట్టు కడిగి లైటు పెట్టి చూస్తే పిక్క నుంచి మోకాలి వైపు ఎర్రటి చార. నా భార్య బాల్‌పెన్నుతో ఎరుపు అంచున గీత గీసింది. గంటలో ఎరుపు ఆ గీత దాటింది. అమ్మ దేవుడి గూటి ముందు కూర్చుని అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకుంది. వానలో తెల్లారేదాకా బండి దొరకలేదు.

కాకినాడలో డాక్టరమ్మ ఆ పెన్ను గీతలు చూసి ఇంకేమీ అడగలేదు. గడ్డ కోసి, లోపలి చీము కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్షకు, పంపాకే మందు మొదలుపెట్టింది. మూడోరోజు రిపోర్టు: ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని స్టాఫ్ క్రిమి. సెఫ్‌ట్రియాక్సోన్, అమాక్సిక్లావ్, సిప్రో అన్నిటి ఎదురుగా 'ఆర్', అంటే ఆ మందుకు లొంగదని. వాంకోమైసిన్‌కు 'ఎస్', అంటే లొంగుతుందని. పన్నెండు గంటలకో గ్రాము, ఒక్కోటీ గంటసేపటికి తగ్గకుండా ఎక్కించాలి. తొందరపడితే ఒళ్లంతా ఎర్రబడి దురద. గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టిన ఆ నర్సమ్మకు చేతులెత్తి దణ్ణం.

మొక్కల్లో మందు లేదని నేననను. మానుపసుపు అనే వేరే మొక్కలో ఉండే బెర్బెరిన్ స్టాఫ్ క్రిమిని చంపగలదు. కానీ క్రిమి దాన్ని 'నార్-ఎ' అనే పంపుతో బయటికి తోడేస్తుంది. ఆ పంపును మూసే పదార్థం, బెర్బెరిన్ ఉండే బెర్బెరిస్ మొక్కలోనే ఉందని 2000లో తేలింది. మన మిరియంలోని పైపెరిన్ కూడా ప్రయోగశాలలో అదే పంపును అడ్డుకుంది. అయితే సిప్రో తగులుకోవలసిన ఎంజైమే మారిపోయిన క్రిమి దగ్గర పంపు ఒక్కటీ మూస్తే చాలదు. పైగా గాజుపళ్లెంలో క్రిమిని ఆపిన మోతాదు నెత్తురులోకి చేరాలి కదా! 1998లో బెంగుళూరులో రెండు గ్రాముల కుర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపెరిన్ ఇస్తే నెత్తురులోకి చేరింది ఇరవై రెట్లు పెరిగింది, అదీ కాసేపే. అదే పైపెరిన్ ఫిట్స్ మందు ఫెనిటాయిన్‌ను కూడా ఒంట్లో పెంచుతుంది. పసుపు-మిరియం క్యాప్సూళ్లు మింగేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

గాయానికి ముందు సబ్బూ, ధారగా పారే నీళ్లూ. దానిమీద పసుపు పొడి చల్లొద్దు. నేలమీద ఎండిన కొమ్ముల పొడిలో బాసిల్లస్ అనే క్రిమి విత్తులుంటాయి. ఎరుపు కనబడితే అంచున గీత గీసి, పక్కన టైము రాయండి. గడ్డ కోస్తే పైపైన తుడిచిన దూదికాదు, లోపలి చీమే కల్చర్‌కు పంపమనండి, అదీ మొదటి డోసుకు ముందే.

అమ్మను తీసుకుని అంతర్వేది వెళ్లి మొక్కు తీర్చాం. వచ్చేటప్పుడు ఆర్‌ఎంపీ ఇంటి ముందు ఆగి, రిపోర్టు నకలు చేతికిచ్చి 'ఆర్' ఉన్న వరసలు వేలుపెట్టి చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని, అరుగు మీద కూర్చుని, చివరి వరస దాకా చదివాడు.