పదకొండు బోర్డింగ్ పాసులు

ఆదివారం కదా, ఆఫీసు బ్యాగు దులుపుదామని బోర్లించాను. చిల్లర, గొంతు నొప్పి బిళ్ళలు, మూత లేని పెన్ను, వాటితో పాటు పదకొండు బోర్డింగ్ పాసులు. సగం పాసుల మీద అక్షరాలు వెలిసిపోయి ఉత్త తెల్లకాగితాలయ్యాయి. వాటిని చూడగానే ఒళ్ళు మండింది. ఒక ఎయిర్‌లైన్స్‌లో తిరిగిన నాలుగు ప్రయాణాలకి మెంబర్లకి ఎక్కినప్పుడల్లా జమయ్యే, తర్వాత టికెట్‌కి వాడుకునే పాయింట్లు నాకు పడలేదు, అడిగితే టికెట్ నంబరు కనిపించేలా పాసు ఫోటో పంపమన్నారు, కాగితం మీద నంబరే లేకపోతే ఏం పంపను?

అసలు పాయింట్లు ఎందుకు పడలేదో తెలిశాక ఇంకా చిరాకేసింది. ఆధార్‌లో నా ఇంటిపేరు ముందుంటుంది, పాన్‌లో వెనకుంటుంది. మెంబర్‌షిప్ తీసుకున్న రోజు ఎయిర్‌పోర్టు క్యూలో నిలబడి ఫోన్లో గబగబా కొట్టేస్తూ, లాస్ట్ నేమ్ అన్నచోట ఒక్క ఇనిషియల్ పెట్టి ఊరుకున్నాను. ఆఫీసులో టికెట్లు తీసే అబ్బాయేమో ఆధార్ చూసి ఇంటిపేరు పూర్తిగా కొడతాడు. కంప్యూటర్ లెక్కలో మెంబరు ఒకావిడ, విమానం ఎక్కింది ఇంకొకావిడ. తప్పు నాదే, కాదనను. కానీ ఇనిషియల్‌తో బతికే మన తెలుగువాళ్ళలో ఎంతమంది పాయింట్లు ఇలా గాల్లో ఉన్నాయో!

సరే, ఈ గొడవ ఇవాళే తేల్చేద్దామని మా అబ్బాయి పాత రఫ్ నోట్సు తీసుకుని వంటింటి గడప దగ్గర కూర్చున్నాను. అత్తయ్య గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. ఏడాదిగా ఎక్కడెక్కడికి వెళ్ళానో రాశాను. హైదరాబాద్ పధ్నాలుగు సార్లు, చెన్నై తొమ్మిది, బెంగళూరు ఎనిమిది, వైజాగ్ ఆరు, ఢిల్లీ మూడు. రాశాక గానీ అర్థం కాలేదు, ఇందులో విమానం ఎక్కింది పదకొండు సార్లే, బెంగళూరుకీ ఢిల్లీకీ. మిగతావన్నీ రైళ్ళే. హైదరాబాద్‌కి విమానమంటే ఇక్కడ విజయవాడలో గన్నవరం ఎయిర్‌పోర్టు దాకా ఓ గంట ముందే పోవాలి, అక్కడ శంషాబాద్ నుంచి ఊళ్ళోకి ఇంకో గంటన్నర, ఈలోపు శాతవాహన ఎక్స్‌ప్రెస్ సగం దూరం దాటేస్తుంది. 2023 సంక్రాంతికి సికింద్రాబాద్ వందే భారత్, అదే ఏడాది సెప్టెంబర్‌లో చెన్నైది మొదలయ్యాక ఆ వైపులకి విమానం మాటే ఎత్తడం లేదు. ఇన్నాళ్ళూ విమానాల పాయింట్ల మీద యూట్యూబ్ వీడియోలు చూస్తూ పెట్టిన టైమంతా ఎవరి కోసమో!

"ఇంతకీ పాయింట్లంటే ఏంటమ్మా, చీటీ లాంటివా?" అంది అత్తయ్య.

దాదాపు అంతే అన్నాను. ఆవిడ ఊరుకోలేదు. చీటీ అయితే పాడుకుంటే ఎంతొస్తుందో ముందే తెలుస్తుంది కదా, ఇందులో ఎవరు చెబుతారు అంది. ఎన్ని పాయింట్లకి టికెట్ ఇవ్వాలో ఆ కంపెనీ ఇష్టమే అత్తయ్యా, ఆ టికెట్ మీద కూడా మామూలుగా పన్నులూ ఎయిర్‌పోర్టు ఛార్జీలూ మనమే కట్టుకోవాలి అన్నాను. చిక్కుడుకాయ పక్కన పెట్టి, "మరి వాడు బోర్డు తిప్పేస్తే?" అంది. తిప్పేయడం కాదుగానీ మూతపడటం ఉంది. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. విస్తారా 2024 నవంబర్‌లో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, అయితే ఆ పాయింట్లు ఇటు మార్చారు. పాయింట్లు దాచుకునే సొమ్ము కాదని నేనెన్ని వీడియోల్లో విన్నా ఎక్కలేదు, ఆవిడ ఒక్క ప్రశ్నకి ఎక్కింది.

ఇక నా లెక్క. గన్నవరంలో నేను ఎంచుకునేది కంపెనీని కాదు, టైముని. పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరే ఫ్లైటు ఏదుంటే అదే. నాకు ఎక్కువసార్లు ఇండిగోయే తగులుతోంది కాబట్టి వాళ్ళ బ్లూచిప్ మెంబర్‌షిప్ ఉంచుకుంటాను. ఢిల్లీ కోసం ఎయిర్ ఇండియా మహారాజా క్లబ్ కూడా ఉండనీ, చేరడానికి డబ్బులేం అడగరు కదా. రెండింటిలోనూ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకున్నాను. ఎక్కువ తిరిగేవాళ్ళకిచ్చే గోల్డూ ప్లాటినమూ అని మెట్లెక్కడం నా వల్ల కాదు, దాని కోసం అర్ధరాత్రి ఫ్లైటు పట్టుకునే ఓపిక అసలే లేదు.

హోటళ్ళ సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఇక్కడా వైజాగ్‌లోనూ నోవోటెల్ ఉంది, వాళ్ళ ప్రోగ్రామ్‌లో 2,000 పాయింట్లకి 40 యూరోల తగ్గింపు, ఏడాదిలోపు మళ్ళీ దిగకపోతే ఆ పాయింట్లు ఉండవు. మా ఆఫీసు రూము లిమిటు 4,000 రూపాయలే. అదీగాక బుకింగ్ వెబ్‌సైట్లలో తీసుకున్న రూములకి ఇలాంటి పెద్ద హోటళ్ళవాళ్ళు మామూలుగా పాయింట్లివ్వరు, నేరుగా వాళ్ళ దగ్గరే బుక్ చేయాలి, మా ఆఫీసు అబ్బాయేమో అన్నీ వెబ్‌సైట్‌లోనే తీస్తాడు. కొట్టేశాను.

మిగిలింది రైలు. రైలు టికెట్లమ్మే ఐఆర్‌సీటీసీ పేరుతో ఎస్‌బీఐ ఇచ్చే క్రెడిట్ కార్డుంది, ఏసీ టికెట్లకి పాయింట్లొస్తాయి, పాయింటుకి రూపాయి, దాంతో మళ్ళీ రైలు టికెట్టే కొనుక్కోవచ్చు. నాకు పనికొచ్చేది ఇదే. చిక్కల్లా ఒకటే, నా కార్డు మీద కొని ఆఫీసులో క్లెయిమ్ పెట్టుకోవాలి. మా అకౌంట్స్ వాళ్ళు క్లెయిమ్ డబ్బులు వేసేసరికి నలభై రోజులు, కార్డు బిల్లు గడువేమో అంతకుముందే వచ్చేస్తుంది. ఒక్కసారి ఆలస్యమైతే పడే వడ్డీ ముందు ఆ పాయింట్లు ఏ మూలకి? మా ఆయన్ని అడిగితే, "ముందు జనవరి క్లెయిములు తెచ్చుకో" అన్నాడు. నిజమే, అవింకా రాలేదు. కార్డు దసరా తర్వాత చూద్దాం.

ఆఫీసు అబ్బాయికి మెంబర్‌షిప్ నంబర్లు రెండూ వాట్సాప్ చేశాను. ఆదివారం కూడా వెంటనే జవాబిచ్చాడు పాపం. "మేడమ్, ఇవి రెండేళ్ళ కిందటే అడిగాను, మీరు తర్వాత పంపుతానన్నారు, ప్రొఫైల్‌లో ఒక్కసారి పెడితే ప్రతి టికెట్‌కీ అదే వస్తుంది" అని. పైకి జరిపి చూశాను. నిజంగానే అడిగాడు. నేను బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

అత్తయ్యకి ఇంకో సందేహం, ఈ పాయింట్లతో ఆవిణ్ణి కాశీ తీసుకెళ్ళొచ్చా అని. యాప్ తెరిచి చూపించాను, ఉన్నవాటితో బెంగళూరుకి ఒకవైపు కూడా రాదు. "అయితే రైల్లోనే పోదాంలే, ఏసీలో తియ్యి" అని, తెల్లబడిన పాసులు నాలుగు ఏరుకుని, పాలవాడి లెక్క రాసుకోవడానికి ఫ్రిజ్ మీద పెట్టుకుంది.