పదిహేడు ఆర్లెంత?

"పదిహేడు ఆర్లెంత?" అనగానే ఆ గుంటడి కంటిపాప మెల్లగా విచ్చుకుంది. "నూట రెండు" అన్నాక మళ్లీ ముడుచుకుంది. పర్లాకిమిడిలో, ఈ మధ్యాహ్నం. మెదడుకి పని పడితే పాప ఎంత విచ్చుకుంటుందో కెమెరాతో కొలుస్తున్నాను.

విచ్చుకున్నది అర మిల్లీమీటరు కూడా ఉండదు. వెలుతురికైతే అదే పాప 2 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా మారగలదు. అందుకే మధ్యలో మబ్బు పట్టినా, కరెంటు డిమ్మయినా ఆ కొలత చెత్తబుట్టకే. ప్రశ్నకి ముందు అర సెకను కొలిచి, తర్వాతి కొలతలోంచి దాన్ని తీసేయాలి. కళ్లు పక్కకి తిప్పితే కెమెరాకి పాప చిన్నదిగా కనిపిస్తుంది, అదో తంటా.

మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అని చిన్న నీలి చుక్క. మెదడుని చురుగ్గా ఉంచే రసాయనం నారడ్రినలిన్ ఎక్కువగా అక్కణ్నుంచే. అది చురుకైతే పాప విచ్చుకుంటుంది. 1966లో కానెమన్, బీటీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు జనానికి అంకెలు చదివి వినిపించి చూశారు: గుర్తుపెట్టుకునే ఒక్కో అంకెకీ పాప కాస్త పెద్దది, అప్పజెబుతుంటే చిన్నది.

ఏడీహెచ్‌డీకి, అంటే ధ్యాస నిలవక కుదురు లేకపోవడానికి, వాడే మందు మిథైల్‌ఫెనిడేట్ ఈ నారడ్రినలిన్ మీదా పనిచేస్తుంది. మందు వేసిన రోజు కొలత, వెయ్యని రోజు కొలత కలిపేస్తే అంతా కలగాపులగం.

"సెల్లుతో కంటిపాప తీసి ఆ జబ్బుందో లేదో చెప్పెయ్యొచ్చా బాబూ?" అంది వాళ్లమ్మ.

లేదమ్మా. భయపడినా, నిద్ర చాలకున్నా పాప మారుతుంది. పైగా మన నల్లకళ్లలో మామూలు కెమెరాకి పాప అంచే సరిగా దొరకదు, ఇన్‌ఫ్రారెడ్ కావాలి.